కావలివానికి లైసెన్సు, పరిచారికకు లేదు

మంచము పట్టిన ముసలివారికి సేవచేయుట మన యిండ్లలో నెన్నడును వ్యాపారముగా నుండలేదు. కోడలో, కూతురో, ఎవరును లేనియెడల దూరపు చుట్టమో ఆ భారమును మోసెడివారు. వారు మోసిన బరువును ఎవరును తూచలేదు. కనుకనే అది తేలికయని మనమనుకొంటిమి. నేడు కొడుకు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నాడు. కూతురు బెంగుళూరులో నున్నది. తల్లి గుంటూరిలోనో ఖమ్మములోనో ఒంటరిగా నున్నది. 2011 జనాభా లెక్కలనాటికే దేశమున అరువదియేండ్లు నిండినవారు సుమారు 10 కోట్ల 40 లక్షలమంది. నాటినుండి ఆ సంఖ్య పెరుగుచునే యున్నది. కావున కూలికి మనుష్యులను పంపి గృహపరిచర్య చేయించు సంస్థలు హోంకేర్ అను పేర పట్టణములలో వెలసినవి. వీనిలో కొన్ని పెద్ద కంపెనీల ఫ్రాంచైజీలు. అందు పేరును పద్ధతియు కంపెనీవి; పెట్టుబడియు పూచీయు స్థానికునివి.

గడచిన నెలలో అట్టి ఫ్రాంచైజీదారు రొకరు తమ కాగితముల కట్టతో మాయొద్దకు వచ్చిరి. ఇరువదియేండ్లు ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేసి, కూడబెట్టిన సొమ్మంతయు ఇందులో పెట్టినవారు. కట్ట విప్పగా దుకాణముల శాసనము క్రింద కార్మికశాఖ యిచ్చిన రిజిస్ట్రేషను, పురపాలక సంఘపు ట్రేడు లైసెన్సు, జీఎస్టీ పత్రము, ప్రావిడెంటు ఫండు, ఈఎస్ఐ నంబర్లు, వృత్తిపన్ను రసీదులు ఒకదానివెంట నొకటి బయటపడినవి. అన్నియు సక్రమముగనే యున్నవి. అయినను ఆయన ముఖమున నెమ్మది లేదు. కారణ మడుగగా ఇట్లు చెప్పిరి. విదేశమునుండి ఒక బిడ్డ ఫోనుచేసి, "మీది ప్రభుత్వము గుర్తించిన సంస్థయేనా? మా అమ్మదగ్గరకు పంపే మనిషికి సర్కారు లైసెన్సు ఉన్నదా?" అని యడిగినదట. ఈయన గోడకు తగిలించిన ట్రేడు లైసెన్సును ఫొటో తీసి పంపిరి. ఆమె తృప్తిచెందినది. "అదే కాగితము మా ప్రక్క గాజుల దుకాణమువారికి కూడా ఉన్నదండీ. నేను ఆ తల్లితో అబద్ధమాడినట్లా?" అని మమ్ము ప్రశ్నించిరి.

అబద్ధము ఆయనది కాదు, మన శాసనములదని మేము తలచుచున్నాము. ఆ కట్టలోని ప్రతి పత్రమును దుకాణమునకో, పన్నునకో, జీతపు పట్టీకో సంబంధించినది. కదలలేని రోగిని ఎత్తి కూర్చుండబెట్టు చేతులను గూర్చి వానిలో నొక్క యక్షరమును లేదు.

వైద్యసంస్థల శాసనములు లేవా యని పాఠకులు అడుగవచ్చును. ఆంధ్రప్రదేశమున 2002 నాటి ప్రైవేటు వైద్యసంస్థల శాసనమున్నది. తెలంగాణము 2010 నాటి కేంద్రశాసనమును స్వీకరించినది. కాని యివి ఒక కట్టడమును, అందలి పడకలను, పరికరములను మనస్సున నుంచుకొని వ్రాసిన శాసనములు. పడక పరుల యింటిలో నుండి, తన కార్యాలయమున బల్లయు ఫోనును మాత్రమే యున్న సంస్థను వానిలో నెక్కడ నిముడ్చవలెనో ఒక అధికారి చెప్పినది మరియొక అధికారి చెప్పడు. నర్సును పంపినచో ఆమె పేరు రాష్ట్ర నర్సింగు కౌన్సిలు రిజిస్టరులో నుండవలెను. అందు సందేహము లేదు. అయితే ఇండ్లకు పోవువారిలో పెక్కుమంది నర్సులు కారు. స్నానము చేయించి, అన్నము తినిపించి, రాత్రులు మేల్కొనియుండు ఆయాలు వారు. వారికొరకు హోం హెల్త్ ఎయిడ్, జనరల్ డ్యూటీ అసిస్టెంటు అను శిక్షణలు ఏర్పడియున్నవి. ఆ శిక్షణ పొందకున్నను పనికి పంపుటకు అడ్డులేదు.

పన్ను సంగతి మరియును వింత. వైద్యసంస్థ చేయు చికిత్సకు జీఎస్టీ లేదు. మనుష్యులను సరఫరా చేయుటకు నూటికి 18 వంతులు కట్టవలెను. పక్షవాతము వచ్చినవానిని గంట కొకసారి ప్రక్కకు ఒత్తిగిలజేయుట చికిత్సయా, మనుష్య సరఫరాయా? మా మిత్రుడు తన లెక్కల గుమాస్తాను అడిగి ఒక జవాబును, కంపెనీవారి నడిగి మరియొక జవాబును తెచ్చుకొన్నారు. మూడవ జవాబు నోటీసు రూపమున రాగలదు.

ఇక అదే యింటి గేటువద్ద కుర్చీ వేసికొని కూర్చున్న కావలివానిని చూడుడు. ఆతనిని పంపు ఏజెన్సీ 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల శాసనము క్రింద లైసెన్సు పొందవలెను. ఆతని పూర్వచరిత్ర పరిశీలింపబడవలెను. 2006 నాటి కేంద్ర నమూనా నియమములు ఆతనికి తరగతిగదిలో 100 గంటలు, వెలుపల 60 గంటలు శిక్షణ విధించినవి. ఆ శాసన మంతటను చక్కగా అమలగుచున్నదని మేము చెప్పజాలము. పగలు నిద్రించు కావలివారిని మేమును చూచియున్నాము. కాని శాసనమన్నది ఒకటి కలదు. గేటువద్ద నుండువానికి 160 గంటలు. గేటు దాటి, వసారా దాటి, బీరువా తాళపుచెవులు తలగడక్రింద నున్న గదిలో, మాటపడిపోయిన వృద్ధురాలి ప్రక్కన రాత్రియంతయు నొంటరిగా నుండు మనిషికి ఒక్క గంటయు లేదు.

ఈ లోపమువలన నష్టపడువారు వృద్ధులు మాత్రమే యని తలపరాదు. ఫ్రాంచైజీదారుని మెడకు చుట్టుకొన్న త్రాడు వేరొకటి కలదు. ఆయన సంతకముచేసిన ఒప్పందమును మేము సాంతముగ చదివితిమి. లాభము వచ్చినను రాకున్నను మొత్తము వసూళ్లపై రాయల్టీ చెల్లింపవలెను. పరిచర్యలో తప్పు జరిగి కంపెనీపై దావా పడినచో ఆ నష్టమును ఈయనయే భరింపవలెను. "స్థానిక శాసనముల ననుసరించి కావలసిన లైసెన్సు లన్నియు" ఈయనయే సంపాదింపవలెను. అవి యేవో ఒప్పందము చెప్పదు. మన దేశమున ఫ్రాంచైజీల కొరకు ప్రత్యేక శాసనము లేదు. 1872 నాటి కాంట్రాక్టుల శాసనమే దిక్కు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమము ప్రకారము, కంపెనీ తన ఖర్చులు, వ్యాజ్యములు, షరతులు అన్నియు తెలుపు పత్రమును సంతకమునకు గాని సొమ్ము పుచ్చుకొనుటకు గాని కనీసము 14 దినములు ముందుగా కొనువాని చేతి కీయవలెను. మనవారు అడ్వాన్సు చెల్లించి, సంతకముచేసి, బోర్డు కట్టిన పిమ్మట వకీలు నొద్దకు వత్తురు. ముందు వచ్చినచో మా ఫీజు తక్కువ. వారి నష్టమును తక్కువ.

ఆయా మాట యేమి? ఇరువదినాలుగు గంటల డ్యూటీ యని పంపబడిన స్త్రీ ఎన్ని గంటలు పనిచేసినట్లు, ఎన్ని గంటలు విశ్రమించినట్లు? 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కార్మిక స్మృతులు నియామక పత్రమును తప్పనిసరి చేసినవి, ఇది మేలు. కాని వానిలోనే పారిశ్రామిక సంబంధముల స్మృతి గృహసేవను పరిశ్రమ యను మాటనుండి వెలివేసినది. ఏజెన్సీ జీతమిచ్చి, గృహస్థుడు పని చెప్పు ఈ స్త్రీ గృహసేవకురాలా, ఏజెన్సీ ఉద్యోగినియా యను వివాదము న్యాయస్థానముల కెక్కక తప్పదు. ఇక ఆమె మానరక్షణ విషయము. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక శాసనము నివాసగృహమును గూడ పనిచోటుగా నిర్వచించినది. పదిమంది పనిచేయు సంస్థలో అంతర్గత కమిటీ యుండవలెను. మా మిత్రుని సంస్థలో పదునెనిమిదిమంది ఆయాలున్నారు, కమిటీ లేదు. కంపెనీవారు పంపిన లావుపాటి శిక్షణ పుస్తకములో నవ్వుచు నమస్కరించు విధానము నాలుగు పుటలు కలదు గాని ఈ కమిటీ మాట లేదు. తెలియక చేయలేదని ఆయన యనిరి. తెలియకపోవుట న్యాయస్థానమున జవాబు గాదని మేము చెప్పవలసి వచ్చినది. వారమురోజులలో కమిటీ నేర్పరచిరి.

ఢిల్లీకి ఈ విషయము తట్టనే లేదనుట న్యాయము గాదు. తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ శాసనమును సవరించుటకు 2019 డిసెంబరులో లోకసభలో ప్రవేశపెట్టిన బిల్లు, గృహపరిచర్య సంస్థలు రిజిస్టరు కావలెననియు వానికి కనీస ప్రమాణము లుండవలెననియు చెప్పినది. అది స్థాయీసంఘమునకు పోయినది, నివేదిక వచ్చినది. చట్టము కాకమునుపే 2024లో ఆ లోకసభ కాలము తీరి బిల్లును దానితో తీరిపోయినది. కాలిఫోర్నియా రాష్ట్రము ఇట్టి శాసనమునే 2013లో చేసి 2016 జనవరి 1నుండి అమలుపెట్టినది. అచ్చట సంస్థకు లైసెన్సు కావలెను. సంస్థల తరఫున పోవు పరిచారకుడు వ్రేలిముద్రలిచ్చి రిజిస్టరులో చేరవలెను. ఆ రిజిస్టరును ఎవరైనను చూచుకొనవచ్చును. పనిలో చేరుటకు ముందు విధించిన శిక్షణ ఐదు గంటలే, పిమ్మట ఏటేట ఐదు గంటలు. ఇది గొప్ప శిక్షణయని మేము పొగడుట లేదు. విదేశమునుండి ఫోనుచేసి యడిగిన ఆ బిడ్డ ప్రశ్నకు అచ్చట ఒక జవాబు దొరకును, ఇచ్చట దొరకదు.

లైసెన్సు పెట్టుడనుట మా నోట వెలువడుచుండగనే మాకొక భయము కలుగుచున్నది. లైసెన్సనగా మన కార్యాలయములలో ఏమగునో మాకు తెలియని విషయము గాదు. లక్ష రూపాయల ఫీజు, పది నిరభ్యంతర పత్రములు, అంతస్తున కొక బల్ల అని నియమించినచో కంపెనీలు గట్టెక్కును, మా మిత్రునివంటివారు మునిగిపోవుదురు. ఐదారుగురు స్త్రీలను చేరదీసి పల్లెలలో ఈ పనియే చేయుచున్న వితంతువు చాటుగా పనిచేయవలసి వచ్చును. కావున మేము కోరునది కొద్దిపాటి. ఫీజు స్వల్పముగా నుండవలెను. దరఖాస్తుకు గడువులోగా జవాబు రానిచో మంజూరైనట్లే యెంచవలెను. లైసెన్సు గదుల కొలతపై గాక మనుష్యుల శిక్షణపై ఆధారపడవలెను. ఆయా పేరు, శిక్షణ, పూర్వచరిత్ర పరిశీలన జరిగిన తేది ఎవరైనను చూడదగిన రిజిస్టరులో నుండవలెను. ఆ రిజిస్టరు ఆయా సొత్తు కావలెను; ఏజెన్సీ మారినను ఆమె పేరు అందు నిలువవలెను. కంపెనీ తన ఫ్రాంచైజీదారుని తప్పులకు తానును పూచీపడవలెను. రాయల్టీ పుచ్చుకొను చేయి నష్టపరిహారము వచ్చినప్పుడు వెనుకకు పోరాదు.

దీనికొరకు ఢిల్లీ బిల్లు మరల పుట్టువరకు వేచియుండ నక్కరలేదు. ప్రజారోగ్యము, ఆసుపత్రులు రాజ్యాంగపు సప్తమ షెడ్యూలులో రాష్ట్ర జాబితాయందు ఆరవ అంశము. కార్మిక విషయములు ఉమ్మడి జాబితాలో నున్నవి. అమరావతిలోగాని హైదరాబాదులోగాని ఒక్క సమావేశకాలమున ఈ శాసనము చేయవచ్చును. ఏ పార్టీకి ఇందు నష్టము లేదు. శాసనసభ్యులకును ముసలి తల్లు లున్నారు.

మా మిత్రుడు ట్రేడు లైసెన్సును గోడనుండి తీయలేదు. అందరికిని కనబడునట్లు అది యుండవలసినదే. దాని ప్రక్కన మరియొక కాగితము తెలుగులో అచ్చువేయించి తగిలించిరి. ప్రతి ఆయా పేరు, నేర్చిన పని, పోలీసు పరిశీలన జరిగిన తేది అందున్నవి. అడుగున ఒక వాక్యము: "ఈ పనికి ప్రభుత్వ లైసెన్సు నేటివరకు లేదు." ఆ వాక్యమును తొలగింపుమని కంపెనీవారు లేఖ వ్రాసిరట. తొలగింపవలదని మేము సలహా యిచ్చితిమి.