టాప్ సిక్స్ పిచ్చి

బుధవారం సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా పోకెమాన్ గోలో రేడ్ అవర్, అంటే అందరూ గుమిగూడి బలమైన బాస్ పోకెమాన్‌ను కొట్టే గంట. హైదరాబాద్‌లో అది సరిగ్గా ఆఫీసులు వదిలే వేళ. ఆ గంటలో కారులో సైబర్ టవర్స్ దాటాలంటే తాతలు దిగిరావాలి. బోరబండలో ఎం.ఎం.టి.ఎస్. రైలు ఎక్కినవాడికి మాత్రం తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. రేడ్ జరిగే జిమ్ దగ్గరికి టైముకి రాగలిగేది వాడే. అలా వచ్చినవాణ్ణి పట్టుకుని "టాప్ సిక్స్ ఉన్నాయా? లేకపోతే లాబీ పాడుచేయకు" అనడం ఇప్పుడు ఫ్యాషనైపోయింది. టాప్ సిక్స్ అంటే ఆ బాస్‌ను కొట్టడానికి అన్నిటికన్నా మేలైన ఆరు పోకెమాన్‌లు, లాబీ అంటే రేడ్‌కు ముందు అందరూ చేరే జాగా. ఇలా అనేవాళ్ల ఫోన్లో ఎప్పుడూ ఓ రంగురంగుల బొమ్మ ఉంటుంది: ఫలానా బాస్‌కు ఫలానా కౌంటర్లు (ఎదురు దించాల్సిన పోకెమాన్‌లు), వరసగా ర్యాంకులతో. పోకెమాన్‌లకు ఇచ్చిన ఆ ర్యాంకుల్ని తెచ్చి మనుషులకు తగిలించడం ఏం తెలివి?

రేక్వాజానే తీసుకుందాం. అది డ్రాగన్, ఫ్లయింగ్ టైపుల జీవి. రెండు టైపులూ ఐస్‌కు లొంగేవే. ఒక్కో బలహీనతకు దెబ్బ 1.6 రెట్లు, రెండూ కలిస్తే 2.56 రెట్లు. అసలు లాభమంతా ఈ గుణకారంలోనే ఉంది. ఐస్ అటాక్‌లు ఉన్న మామోస్వైన్‌ను దింపగానే అది చేతికొచ్చేస్తుంది. మామోస్వైన్‌కు మొదటి రూపమైన స్వైనబ్ అపురూపమేమీ కాదు. 2019 ఫిబ్రవరిలో దాని పేరిట కమ్యూనిటీ డే కూడా జరిగింది. కానీ జాబితా వేసేవాళ్లకు మామూలు మామోస్వైన్ ఆనదు. వాళ్ల పైవరసలో ఇంకో పోకెమాన్‌తో కలిపి తయారుచేసిన క్యూరెమ్ కూర్చుంటుంది. అలా కలపడానికి కావలసిన ఫ్యూజన్ ఎనర్జీ మళ్లీ రేడ్‌లలోనే సంపాదించాలి. ఒక బాస్‌ను కొట్టే అర్హత కోసం ఇంకో బాస్‌ను పదేపదే కొట్టి ఉండాలన్నమాట! తర్వాత టీమ్ రాకెట్ నుంచి పట్టుకునే షాడో మామోస్వైన్. షాడో కొట్టే దెబ్బ 20 శాతం ఎక్కువే, కాదనను. తినే దెబ్బా 20 శాతం ఎక్కువే, పెంచడానికయ్యే స్టార్‌డస్టూ అంతే ఎక్కువ. పైగా పట్టుకున్నప్పుడు దానికి ఫ్రస్ట్రేషన్ అనే చచ్చు అటాక్ అంటుకుని వస్తుంది. టీమ్ రాకెట్ ప్రత్యేక ఈవెంట్లలో తప్ప దాన్ని వదిలించుకోలేం. ఇవేవీ బొమ్మలో ఉండవు. కౌంటర్లన్నీ ఒకే పెద్ద లెవెల్లో ఉన్నాయని, ఫోన్ మధ్యలో ఆగదని ఆ ర్యాంకులు లెక్కగట్టే సిమ్యులేటర్ అనుకున్న సంగతి ఉంటే గింటే అడుగున చీమతలకాయంత ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది. (ఈ ఆటకు 2023 డిసెంబరులో హిందీ వచ్చింది. తెలుగువాడికి ఇంకా బొమ్మలే గతి.) మంచు కురిస్తే ఐస్ అటాక్‌లకు 20 శాతం బలం అని కూడా చెబుతారు. బోరబండలో మంచు కోసం ఎదురుచూడండి మరి.

ఇక లెవెల్ పిచ్చి. పోకెమాన్ లెవెల్‌ను 20 నుంచి 30కి పెంచితే 75,000 స్టార్‌డస్ట్ ఖర్చు, అటాక్ దాదాపు 22 శాతం పెరుగుతుంది. ఇది చేయాల్సిందే. 30 నుంచి 40కి ఖర్చు రెట్టింపు, 1,50,000. పెరిగేది 8 శాతం. అక్కణ్ణుంచి 50కి 2,50,000, ఆపైన 296 ఎక్స్‌ఎల్ క్యాండీలు. పెరిగేది ఆరు శాతం చిల్లర. ఐవీల (ఒక్కో పోకెమాన్‌కు పుట్టుకతో వచ్చే పాయింట్ల) గోల సరేసరి: మామోస్వైన్ అటాక్ ఐవీ 15 బదులు 10 ఉంటే నష్టం రెండు శాతం కూడా లేదు. ఇప్పుడు ఇటు చూడండి. పక్కన బెస్ట్ ఫ్రెండ్ నిలబడి ఆడితే అటాక్‌కు 10 శాతం ఊరికే వస్తుంది. 2023 అక్టోబరులో వచ్చిన పార్టీ ప్లేలో కలిసి ఆడే ఇద్దరు ముగ్గురుంటే, పార్టీ పవర్ నిండినప్పుడల్లా చార్జ్‌డ్ అటాక్ దెబ్బ రెట్టింపవుతుంది. లక్షల స్టార్‌డస్ట్ పోసినా రాని బలం మనిషి పక్కనుంటే వస్తోంది. ఆ మనిషినే పొమ్మంటున్నారు.

"బరువంతా మేమే మోయాలి కదా" అంటారు. ఐదు నక్షత్రాల బాస్‌కు 15,000 హెచ్‌పీ, గడువు 300 సెకన్లు. అందరూ కలిసి సెకనుకు 50 చొప్పున కొడితే చాలు. లాబీలో జనం పెరిగినంత మాత్రాన ఆ 15,000 పెరగదు. కొత్తగా వచ్చినవాడు సెకనుకు అయిదే కొట్టినా ఆ అయిదూ మీకు మిగిలినట్టే. మరి పాడైందేమిటి? 2023 ఏప్రిల్‌లో, దూరం నుంచే రేడ్ ఆడనిచ్చే రిమోట్ పాస్ ధర పెంచి, రోజుకు ఐదే అని హద్దు పెట్టినప్పుడు దూరాన ఉన్నవాళ్లకు అన్యాయమని గగ్గోలు పెట్టిందీ ఈ ఆటగాళ్ల లోకమే. రైలెక్కి ఎదురుగా వచ్చి నిలబడ్డవాడి మీద ఆ జాలి ఏమైపోయిందో.

ఇద్దరే కలిసి బాస్‌ను పడగొట్టాలనే సరదా ఉన్నవాళ్లకు జాబితా అవసరమే, అక్కడ ఆ ఎనిమిది శాతాలూ లెక్కకొస్తాయి. మిగతావాళ్లు టైపు చూసుకోవాలి, ఫాస్ట్, చార్జ్‌డ్ అటాక్‌లు రెండూ ఆ టైపువే ఉండేలా చూసుకోవాలి, లెవెల్ 30 దగ్గరికి తెచ్చుకోవాలి. రేక్వాజా మీదికి ఐస్‌వి నాలుగే ఉంటే మిగతా రెండు రాక్ టైపో ఫెయిరీవో పెట్టుకోవచ్చు, వాటికీ 1.6 రెట్లు వస్తుంది. ఇంతకు మించిన సిద్ధాంతం నా దగ్గర లేదు. టాప్ సిక్స్ లేనివాడి పక్కన నిలబడటమే నామోషీ అనుకునేవాళ్లకు ప్రైవేట్ లాబీ కోడ్ ఉంది, అందులోకి వెళ్లి ఆడుకోవచ్చు.