వేగం తర్వాత, నష్టం లెక్క ముందు

రద్దీగా ఉండే పెద్ద డేటాబేస్‌కు రెప్లికేషన్ (డేటాను వేరే సర్వర్లలోకీ నకలు తీయడం) పద్ధతి ఎంచుకునేవాళ్లు మొదట అడగాల్సింది వేగం గురించి కాదు, ఎంత డేటా పోతే తట్టుకోగలమన్నది. 2018 అక్టోబర్ 21న కోడ్ నిల్వచేసే సైటు గిట్‌హబ్‌కు ఎదురైన అనుభవమే ఇందుకు సాక్ష్యం. నెట్‌వర్క్ పరికరం మారుస్తుండగా అమెరికా తూర్పు తీరంలోని ప్రధాన డేటా సెంటర్‌కు లింకు తెగింది 43 సెకన్లే. ఈలోపు ఆటోమేటిక్ ఏర్పాటు పశ్చిమ తీరంలోని మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ సర్వర్లకు పెత్తనం అప్పగించేసింది. తూర్పున నమోదైన కొన్ని మార్పులు అక్కడికి చేరనేలేదు. అక్కడేమో కొత్తవి మొదలైపోయాయి. సేవలు పూర్తిగా కుదుటపడేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. సైటు నెమ్మదించినా సరే డేటా చెడకూడదని అప్పుడు వాళ్లు తీసుకున్న నిర్ణయం ముమ్మాటికీ సరైనదే. రెప్లికేషన్‌లో ప్రధానంగా రెండు దారులున్నాయి. అసింక్రనస్ పద్ధతిలో ప్రధాన సర్వర్ నకలు కోసం ఆగదు. ప్రధాన సర్వర్ కూలితే చివరి క్షణాల లావాదేవీలు గల్లంతు కావచ్చు. సింక్రనస్‌లో నకలు నుంచి జవాబు వచ్చేదాకా ఆగుతుంది. సర్వర్ల మధ్య దూరం పెరిగేకొద్దీ ప్రతి నమోదూ ఆలస్యమవుతుంది. లైకుల లెక్కకు మొదటిది చాలు. జనం డబ్బు, రోగుల మందుల వివరాలు ఉన్నచోట మాత్రం ఆ ఆలస్యాన్ని భరించడం మన బాధ్యత. పైగా రెప్లికేషన్ ఎన్నటికీ బ్యాకప్ కాదు: పొరపాటున చెరిపేసిన టేబుల్ నకళ్లలోనూ చెరిగిపోతుంది. ఇక ఏ పద్ధతి ఎంచుకున్నా, ప్రధాన సర్వర్‌ను కావాలని ఆపి చూసే పరీక్షలో నెగ్గాకే దాన్ని నమ్మాలి.