నేరం బాలనాగమ్మ కథది కాదు

పిల్లలకు మంత్రాల కథలు చెప్పొద్దు, చెబితే మూఢనమ్మకాలు నూరిపోసినట్టే అనే మాట జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో చదువుకున్నవాళ్ల నోట తరచూ వినబడుతుంది. టీచర్లు అంటారు, తల్లిదండ్రులు అంటారు, హేతువాద మిత్రులు మరింత గట్టిగా అంటారు. వాళ్ల భయానికి కారణం లేకపోలేదు. 2022 జనవరిలో జగిత్యాల టీఆర్ నగర్‌లో, మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ ఆయన ఇద్దరు కొడుకులనూ కులసంఘం సమావేశం దగ్గరే చంపేశారు. ఇట్లాంటి చోట మాయల ఫకీరు కథలా అని అడిగేవాళ్లది మంచి మనసే. కానీ వాళ్లు దోషిని తప్పుగా పట్టుకున్నారు.

బాణామతి, అంటే చేతబడి చేశారన్న అనుమానం ఎలా పుడుతుందో ఈ ఊళ్లలో పెరిగిన ఎవరికైనా తెలుసు. ఇంట్లో ఒకరికి జ్వరం తగ్గదు. గొడ్డు చచ్చిపోతుంది. కోడలికి కడుపు నిలవదు. జబ్బేమిటో అర్థమయ్యేలా చెప్పే డాక్టరు దొరకడు. పక్కింటివాళ్లతో గెట్టు పంచాయతీ అప్పటికే నడుస్తూ ఉంటుంది. ఒకరోజు పొద్దున గుమ్మం ముందు కోసిన నిమ్మకాయ కనబడుతుంది, ఇక చాలు. ఆ అనుమానానికి రుజువు అక్కర్లేదు, హద్దు లేదు. అది ఎక్కువగా పడేది ఎదురు తిరగలేని మనిషి మీదే.

బాలనాగమ్మ కథలో వీటిలో ఏదైనా ఉందా? అందులోని మాయల ఫకీరు ఎవరి పక్కింటివాడూ కాడు. వాడు చేసేదంతా కథ వినేవాళ్ల కళ్లెదుటే చేస్తాడు. బాలనాగమ్మను కుక్కను చేసి నాగళ్లపూడి గట్టుకు తోలుకుపోతాడు, వెతుక్కుంటూ వచ్చిన భర్త కార్యవర్ధిరాజును రాయి చేస్తాడు. అప్పుడు కొడుకు బాలవర్ధిరాజు బయలుదేరతాడు. వాడు ఊళ్లో ఎవరినీ అనుమానించడు, ఎవరి ఇంటి మీదికీ పోడు. తల్లిని చేరుకుంటాడు, ఫకీరు ప్రాణం ఎక్కడుందో ఆమె చేత అడిగిస్తాడు, ఏడు సముద్రాలు దాటి చిలకను పట్టుకొస్తాడు. చిలక రెక్క విరిస్తే ఫకీరు చెయ్యి పడిపోతుంది, కాలు విరిస్తే కాలు. ఊరూరికీ కథ కొంత మారుతుంది గానీ ఈ ఘట్టం మాత్రం మారదు. ఇక్కడ పిల్లవాడికి అందేది మంత్రం మీద నమ్మకం కాదు. ఎంతటి మంత్రగాడి బలానికైనా ఒక కీలకం ఉంటుందనీ, ఓపికగా అడిగితే, వెతికితే అది దొరుకుతుందనీ తెలుస్తుంది. బాణామతి భయంలో సరిగ్గా ఈ అడగడమే, ఈ వెతకడమే ఉండవు.

ఇదే కథ ఇంగ్లీషు పుస్తకంలో కనబడితే మన ఇళ్లలో ఎవరూ అడ్డు చెప్పరు. హ్యారీ పోటర్‌లో వోల్డెమోర్ట్ తన ప్రాణాన్ని ముక్కలు చేసి ఉంగరంలో, లాకెట్‌లో, పాములో దాచుకుంటాడు. రష్యా కథల్లో కొషెయ్ ప్రాణం సూదిలో, ఆ సూది గుడ్డులో, ఆ గుడ్డు బాతులో ఉంటాయి. 1868లో మేరీ ఫ్రేర్ అచ్చువేయించిన ‘ఓల్డ్ డెక్కన్ డేస్’లో అన్నా లిబరాటా డిసౌజా అనే ఆయా చెప్పిన పంచ్‌కిన్ కథ ఉంది. అందులోనూ మంత్రగాడి ప్రాణం చిలకలోనే. వాడు ఎత్తుకుపోయిన రాకుమారి పేరు బాల్నా. హ్యారీ పోటర్ రచయిత్రి రౌలింగ్ మన కథను ఎత్తుకుపోయిందని నేననను, ఆ వాదన చేసేవాళ్లతో కూడా నాకు పేచీయే. ఈ ప్రాణం దాచుకునే కథ ఎన్నో దేశాల్లో ఎన్నో ఏళ్లుగా తిరుగుతోంది. 2001 డిసెంబరులో అమెరికాలోని అలమొగోర్డోలో, మంత్రవిద్య నేర్పుతున్నాయంటూ ఒక చర్చి బయట హ్యారీ పోటర్ పుస్తకాలు తగలబెట్టారు. ఆ పుస్తకాలు చదివి పెరిగిన తరం పొరుగువాళ్లను మంత్రగాళ్లని వెంటాడిన దాఖలా నాకెక్కడా కనబడలేదు.

మనం వద్దంటున్న సంపద ఎంతటిదో కూడా చూడాలి. శాతవాహన సిముకుడి నాణేలు దొరికిన కోటిలింగాల ఈ జగిత్యాల జిల్లాలోనే ఉంది. శాతవాహన రాజు కొలువులోని గుణాఢ్యుడు పైశాచీ భాషలో బృహత్కథ చెప్పాడనీ, ఆ భాష నీచమని రాజు కాదంటే ఏడు లక్షల శ్లోకాల్లో ఆరు లక్షలు అగ్గిలో వేశాడనీ కథాసరిత్సాగరం చెబుతుంది. ఆ కథాసరిత్సాగరంలోనివే ఎగిరే పాదుకలు, అడిగిన అన్నం పెట్టే పాత్ర, గీసిందల్లా నిజం చేసే కర్ర. ఈ మూడింటినీ పుత్రకుడు సంపాదించిన వైనం ఏ ఫాంటసీ నవలకూ తీసిపోదు.

సిరిసిల్ల నేతన్నలకైతే వాళ్ల సొంత పటం కథ ఉంది. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద నకాషీలు బొమ్మలు వేస్తారు. కూనపులి వాళ్లు ఆ పటాన్ని బారుగా విప్పుతూ, కర్రతో ఒక్కో బొమ్మా చూపుతూ పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. అందులో వాళ్ల మూలపురుషుడు భావనారుషి తామర తూటి దారంతో దేవతలకు బట్టలు నేస్తాడు, పులినెక్కి రాక్షసుడి మీదికి పోతాడు. ఇలాంటి పటం ఒకటి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో భద్రంగా ఉంది. మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగే పిల్లల్లో ఎంతమంది అలాంటి పటాన్ని చూశారు? వేములవాడ పక్కన హనుమాజీపేటలో ఒగ్గుకథ మిద్దె రాములు పుట్టాడు. 1962లో ‘గులేబకావళి కథ’కు పాటలు రాసి సినిమాకు పరిచయమైన సి. నారాయణరెడ్డిదీ ఆ ఊరే. అద్భుత కథలు ఈ నేలకు హాని చేయలేదు, కళాకారులను ఇచ్చాయి.

ఇంకో సంగతి నన్ను బాగా కదిలిస్తుంది. కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఎన్నో ఇళ్లలో తండ్రి దుబాయిలోనో సౌదీలోనో ఉంటాడు, తల్లి చాట ఒళ్లో పెట్టుకుని తునికాకులో తంబాకు చుడుతూ ఉంటుంది. ఆ ఇంటి పిల్లవాడికి సముద్రం దాటిపోయిన మనిషి కోసం ఎదురుచూడటమంటే ఏమిటో వేరే చెప్పాలా? రాయైపోయిన తండ్రిని మళ్లీ మనిషిని చేసి, తల్లిని ఇంటికి తెచ్చుకునే బాలవర్ధి వాడికి కావాలి. నీతి పాఠం ఆ పని చేయలేదు.

బాణామతి మీద యుద్ధం చేయాల్సిందే. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో చేసుకున్నటువంటి చట్టం మనకూ కావాలని గట్టిగా అడుగుదాం. పీహెచ్‌సీలో డాక్టరు ఉండాలని, మొదటి బెదిరింపుకే పోలీసులు కదలాలని పట్టుబడదాం. టీచర్లకు నా విన్నపం మాత్రం ఒకటే: ఈ ఏడాది మీ బడికి ఒక కూనపులి కళాకారుణ్నో ఒగ్గుకథ బృందాన్నో పిలిపించండి, వాళ్లకు దారిఖర్చులూ కూలీ ఇవ్వండి, కథ పూర్తయ్యాక పిల్లలను ప్రశ్నలు అడగనివ్వండి.