రోలు నుండి మిక్సీ దాకా

వంటింట్లో అడుగుపెట్టిన తొలి యంత్రాలలో రోలు ఒకటి. విద్యుత్తు ఎరుగని ఆ యంత్రాన్ని తరతరాలుగా నడిపించింది స్త్రీల భుజబలమే. భాగవతంలో యశోద బాలకృష్ణుణ్ణి రోటికి కట్టివేసిన కథ మీరు వినే ఉంటారు. అల్లరి పిల్లవాణ్ణి కదలకుండా ఉంచడానికి ఇంట్లో అంతకంటె బరువైన వస్తువు ఆ తల్లికి కనిపించలేదు కాబోలు. ఆ రోటిని ఈడ్చుకుపోయి రెండు మద్దిచెట్లను కూల్చిన బాలుణ్ణి తలచుకొని మనం ఆశ్చర్యపడతాము. ప్రతిదినమూ అటువంటి రోటి ముందు చెమటోడ్చిన తల్లులను మాత్రం తలచుకోము.

నేడు రోలు స్థానాన్ని చాలావరకు మిక్సీ ఆక్రమించింది. మిక్సీ కొనడం చిన్న విషయమని, దానిపై చర్చ అనవసరమని కొందరు భావించవచ్చు. కాని ఒక ఇంటివారు ఏమి తింటారో, ఆ వంటకు శ్రమించేది ఎవరో, ఆ శ్రమకు ఇంట్లో ఎంత విలువ ఉన్నదో ఈ ఎంపికలోనే తెలిసిపోతుంది.

గుంటూరు, ప్రకాశం మైదానాల నల్లరేగడి భూములు పత్తికి, మిరపకు పేరు పొందాయి. ఇక్కడి భోజనంలో నూరడం, దంచడం, రుబ్బడం అనే మూడు పనులూ ఉన్నాయి. గోంగూర పచ్చడిని నూరాలి. పండుమిరప కాయలను చింతపండుతో కలిపి కొరివికారం తొక్కాలి. కందిపొడి కొట్టాలి. మినపట్టుకు పప్పు రుబ్బాలి. ఒక పనికి పనికివచ్చిన సాధనం మరొక పనికి పనికిరాకపోవచ్చు. కాబట్టి యంత్రాన్ని ఎంచుకునేవారు ముందు తమ వంటను తెలుసుకోవాలి.

ఇందుకు యంత్రాల చరిత్రే సాక్ష్యం. అమెరికాలో హోబార్ట్ సంస్థకు చెందిన హెర్బర్ట్ జాన్‌స్టన్ అనే ఇంజనీరు 1908లో రొట్టెపిండి కలిపే యంత్రాన్ని రూపొందించాడు. 1919లో అది కిచెన్ ఎయిడ్ అనే పేరుతో ఇళ్ళలోకి వచ్చింది. స్టాండ్ మిక్సరు అంటే అదే. గోధుమపిండి, వెన్న, గుడ్లు ప్రధానమైన వంటకు అది చక్కగా సరిపోతుంది. ఎండుమిరపను మాత్రం అది పొడి చేయలేదు. పసుపుకొమ్ములు, నానిన పప్పులు మన వంటకు సహజం. మెత్తని పదార్థాల కోసం తయారైన విదేశీ మిక్సీలు వాటి ముందు నిలువలేకపోయాయి. ఆ అనుభవం నుండే 1960లలో సత్యప్రకాశ్ మాథుర్ మన దినుసులకు తగిన బలమైన మోటారుతో సుమీత్ మిక్సీని రూపొందించారు. అంతకు ముందే కోయంబత్తూరులో వెట్ గ్రైండరు పుట్టింది. ఇడ్లీ పిండి రుబ్బే చేతికి విశ్రాంతి ఇవ్వడమే దాని ప్రయోజనం. వంటను బట్టి యంత్రం మారిందే గాని, యంత్రాన్ని బట్టి వంట మారలేదు.

అయితే రోటి పచ్చడి రుచి మిక్సీలో రాదని పెద్దలు అంటారు. ఈ మాటలో సత్యం లేకపోలేదు. రోకలి పదార్థాన్ని నలగ్గొడుతుంది, మిక్సీ బ్లేడు కోస్తుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడు వల్ల పచ్చడి వేడెక్కుతుంది, అతిగా మెత్తబడుతుంది. ఆగి ఆగి తిప్పితే ఈ లోపం కొంత తగ్గుతుంది. కాని రోటి రుచిని పొగిడేవారిలో రోకలి పట్టినవారు ఎందరు? పగలంతా మిరపచేలో కాయలు కోసి, మండే చేతులతో సాయంకాలం ఇల్లు చేరిన స్త్రీని మళ్ళీ రోటి ముందు కూర్చోమనడం రుచి కాదు, నిర్దయ. రోటి పచ్చడి కావాలని కోరేవారు తామే రోకలి పట్టడం న్యాయం.

ఇక కొనుగోలు విషయం. ప్రకటనలు వాట్ల సంఖ్యను గొప్పగా చూపుతాయి. నలుగురున్న ఇంటికి సాధారణంగా 500 నుండి 750 వాట్ల మిక్సీ చాలు. 750 వాట్ల మోటారు పది నిమిషాలు తిరిగితే ఖర్చయ్యేది యూనిట్‌లో ఎనిమిదో వంతు మాత్రమే. కాబట్టి కరెంటు ఖర్చుకు భయపడనక్కరలేదు. చూడవలసినవి వేరే ఉన్నాయి. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదా? మూత బిగువుగా కూర్చుంటున్నదా? భారం ఎక్కువైతే మోటారును ఆపే ఏర్పాటు ఉన్నదా? బ్లేడు అరిగితే, జార్ కారితే మన ఊళ్ళోనే బాగుచేసేవారు దొరుకుతారా? ఈ చివరి ప్రశ్నను చాలామంది మరచిపోతారు. మరమ్మతు దొరకని యంత్రం ఎంత ఖరీదైనదైనా అటకెక్కక తప్పదు.

తరచుగా ఇడ్లీ, దోసె వండే పెద్ద కుటుంబానికి వెట్ గ్రైండరు మేలు. దాని రాళ్ళు నెమ్మదిగా తిరుగుతాయి కనుక పిండి అంతగా వేడెక్కదు, చక్కగా పొంగుతుంది. కేకులు, రొట్టెలు తరచుగా చేసే ఇంటికి స్టాండ్ మిక్సరు తగును. పొరుగింటివారు కొన్నారని దానిని కొనడం మాత్రం వృథా. ఏడాదికి సరిపడే కారాన్ని మిక్సీలో కొట్టాలనుకోవడం కూడా అవివేకమే. దానికి కారం మర ఉన్నది.

అన్నింటికంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. నిత్యం వాడేవారి అభిప్రాయం అడగకుండా, రంగు చూసి, రాయితీ చూసి మిక్సీ కొనుక్కువచ్చే ఇంటి పెద్దలు ఉన్నారు. బరువైన జార్‌ను రోజూ ఎత్తేది ఎవరో, దానిని కడిగేది ఎవరో వారు ఆలోచించరు. ఆ యంత్రాన్ని వాడేవారికే దానిని ఎంచుకునే అధికారం ఉండాలి. అంతేకాదు, మిక్సీ రాగానే, పని సులువైంది కదా అని ఒక పచ్చడి చోట మూడు పచ్చళ్ళు కోరడం పరిపాటి అయింది. యంత్రం మిగిల్చిన సమయాన్ని మన కోరికలు మింగివేస్తే స్త్రీకి దక్కినదేమిటి? ఆ సమయంలో ఆమె చదువుకోవచ్చు, విశ్రమించవచ్చు, నలుగురితో మాట్లాడవచ్చు. అది ఆమె సొత్తు.

రోకలి ఎత్తడానికి బలం కావాలి. మిక్సీ మీట తిప్పడానికి బలంతో పని లేదు, స్త్రీ పురుష భేదమూ లేదు. కనుక విద్యార్థులారా! మీ ఇంట్లో కొత్త మిక్సీ కొనేటప్పుడు దాని ధరను, వాట్లను విచారించండి. వాటితో పాటు దానిని ఎవరెవరు నడపబోతున్నారో కూడా విచారించండి. ఆ జాబితాలో మీ పేరు, అబ్బాయిలైనా సరే, తప్పక చేర్చండి.