సైకిల్ పుల్లలు మారిస్తే పందెం గెలుస్తామా?

ఈ ఏడు వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులైన అన్నలు కొందరు మంచి మనసుతో ఒక మాట అన్నారు. తలా కొంత వేసుకుని, తమ్ముళ్ళ సైకిల్ పందెం కోసం హాస్టల్ సైకిళ్ళకు తేలిక పుల్లలు వేయిస్తారట. వారికి మా నమస్కారాలు. కానీ ఆ డబ్బు ఆ దారిన పోకూడదని మా అభిప్రాయం.

ముందు లెక్క చూద్దాం. మనం తొక్కే పాతకాలపు నల్ల సైకిలుకు ముందు చక్రంలో 32, వెనక చక్రంలో 40, వెరసి 72 పుల్లలు. 2 మిల్లీమీటర్ల లావు, సుమారు 30 సెంటీమీటర్ల పొడవున్న పుల్ల ఒక్కొక్కటి 7 గ్రాముల పైచిలుకు తూగుతుంది. అన్నీ కలిపితే అరకిలోకు కాస్త ఎక్కువ. కొసలు లావుగా, నడుము సన్నగా ఉండే ఖరీదైన పుల్లలు వేస్తే అందులో 100 గ్రాముల దాకా తగ్గుతుంది. సైకిలు 20 కిలోలు, తొక్కేవాడు 45 కిలోలు. ఈ 65 కిలోల్లో 100 గ్రాములు! పందేనికి ముందు గ్లాసుడు మంచినీళ్ళు మానేస్తే అంతకంటే ఎక్కువే తగ్గుతుంది. (మానేయకండి, మన నెల్లూరు ఎండలు తెలిసినవే.)

తిరిగే బరువు తగ్గిస్తే లాభం రెట్టింపని ఒక అన్న వాదించారు. అది సగమే నిజం. ఆ రెట్టింపు చక్రం అంచున ఉండే రిమ్ముకు, టైరుకు వర్తిస్తుంది. అదీ వేగం పెంచేటప్పుడే. పుల్ల బరువు ఇరుసు దగ్గర్నుంచి అంచు దాకా పరుచుకుని ఉంటుంది కనుక దాని లాభం ఒకటిన్నర రెట్లకు లోపే. పైగా మనుబోలులో ఎక్కడానికి కొండలేవి? చదును రోడ్డు మీద వేగంగా పోయేవాణ్ణి ఆపేది బరువు కాదు, ఎదురుగాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక తూర్పు ముఖంగా తొక్కినవాణ్ణి అడగండి.

పుల్ల స్తంభంలా బరువు మోస్తుందని చాలామంది అనుకుంటారు. అది తాడులాంటిది, బిగువుతో లాగి పట్టుకుంటుంది. జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంటు పొందిన ఏటవాలు పుల్లల అల్లికే నేటికీ మన చక్రాల్లో ఉంది. చక్రం తిరిగినప్పుడల్లా కిందికొచ్చిన పుల్ల కాస్త సడలి, పైకి పోతూ మళ్ళీ బిగుస్తుంది. బిగువు సరిగా లేని పుల్ల, తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టు, ఇరుసు దగ్గర వంపులో పుటుక్కుమంటుంది. నడుము సన్నపుల్లలు ఆ వంపు మీద భారం తగ్గిస్తాయి కనుక ఎక్కువకాలం మన్నుతాయి. వాటి అసలు గొప్ప అదీ, బరువు కాదు. ఆ సంగతి ఒప్పుకుంటాం. కానీ ఒకటి తెగితే ఆ రకం, ఆ కొలత మన ఊరి సైకిల్ షాపులో దొరకాలి కదా! అది తెప్పించేదాకా తమ్ముడు బడికి నడిచి పోవాలా?

ఖర్చులేని ఉపాయమని కొందరు పుల్లలే పీకేస్తారు. మేము తొమ్మిదిలో ఉండగా మాలో ఒకడు వెనక చక్రంలో ఎనిమిది పీకేశాడు. తగ్గింది 60 గ్రాములు. మూడోనాడు క్యారియర్ మీద స్నేహితుణ్ణి ఎక్కించుకుంటే చక్రం అప్పడంలా వంగింది. ఇద్దరికీ మోచేతులు చెక్కుకుపోయాయి, రిమ్ము కొత్తది కొనాల్సి వచ్చింది. వాడు ఆ నెల కాస్మెటిక్ చార్జీలు, ఆ పైనెలవీ దానికే కట్టాడు.

అన్నలను మేము అడిగేది వేరు. పుల్లలు బిగించే కీలు రెండు, మామూలు పుల్లలు ఓ కట్ట, నిలబెట్టి కొట్టే గాలిపంపు ఒకటి, కొన్ని ట్యూబులు, బాల్స్, గ్రీజు డబ్బా. ఇంకా మిగిలితే సైకిల్ షాపు మేస్త్రీకి రెండు ఆదివారాల కూలీ ఇచ్చి, బెండు తీయడం పెద్ద తరగతుల పిల్లలకు నేర్పించాలి. టైరులో గాలి చాలక, బేరింగు బిగుసుకుపోయి కష్టపడుతున్న సైకిలుకు వీటితో వచ్చే చురుకు ఏ తేలిక పుల్లలతోనూ రాదు.

మొన్న ఆదివారం సైకిళ్ళన్నీ వరండాలో తలకిందులుగా నిలబెట్టి, పుల్లల్ని గోటితో మీటి చూశాం. ఒక చక్రానికి ఒక వైపున్న పుల్లలన్నీ ఇంచుమించు ఒకే స్వరం పలకాలి. మొద్దుగా పలికితే వదులని లెక్క. పదకొండు సైకిళ్ళలో ఏడింటికి వెనక చక్రం వదులు, రెండింటికి పుల్లలే తెగి ఉన్నాయి. పందేనికి ఇంకా మూడు వారాలుంది.