చైనా ఫైటర్ జెట్లకు ప్రచారం ఫుల్.. మరి ఆర్డర్ల సంగతేంటి?

2025 మే 7.. ఆపరేషన్ సిందూర్ మొదలైన రోజు. ఆ రోజే పాకిస్థాన్ విదేశాంగ మంత్రి ఇషాక్ దార్ పార్లమెంటులో ఓ మాట చెప్పారు. భారత విమానాలపై తాము చైనా తయారీ జే-10సీ జెట్లను వాడామన్నారు. అంతే.. ఆ జెట్లు తయారు చేసే చెంగ్డూ కంపెనీ షేర్లు స్టాక్ మార్కెట్‌లో దూసుకెళ్లాయి. ప్రపంచమంతా ఒక్కసారిగా చైనా ఫైటర్ల వైపు చూసింది. మరి ఆ హడావుడి ఆర్డర్లుగా మారిందా? అక్కడే అసలు కథ ఉంది.

ఆ రోజు ఏం జరిగింది?

పాక్ తమకు ఇష్టమొచ్చిన లెక్కలు చెప్పుకుంది. మన విమానాలకు నష్టం జరిగిన మాట నిజమేనని సీడీఎస్ జనరల్ అనిల్ చౌహాన్ మే నెలాఖరులో సింగపూర్‌లో ఒప్పుకున్నారు. ఎన్ని అన్నది మాత్రం చెప్పలేదు. ఆరు విమానాలు కూల్చామన్న పాక్ వాదనను కొట్టిపారేశారు. ఆగస్టులో ఎయిర్ చీఫ్ మార్షల్ ఏపీ సింగ్ మరో విషయం బయటపెట్టారు. పాక్‌కు చెందిన ఐదు ఫైటర్లతో పాటు ఒక పెద్ద విమానాన్ని కూల్చామన్నారు. పాక్ దాన్ని ఒప్పుకోలేదు.

అంటే ఎవరి లెక్క వారిదే. కానీ ఆయుధాల మార్కెట్‌కు ఇవన్నీ అక్కర్లేదు. యుద్ధంలో వాడిన సరుకు అన్న ముద్ర పడితే చాలు. చైనాకు అంతకుముందు లేనిది అదే.

జే-10సీలో దమ్మెంత?

ఇది సింగిల్ ఇంజిన్ జెట్. ఏఈఎస్ఏ రాడార్ ఉంది. దీని బలమంతా పీఎల్-15 మిసైల్‌లోనే ఉంది. ఎగుమతి వెర్షన్ రేంజ్ 145 కిలోమీటర్లని చైనా చెబుతోంది. సొంత వాయుసేన వాడే మిసైల్ రేంజ్ 200 కిలోమీటర్లకు పైనే ఉంటుందని అంచనా. ఈ మిసైల్ శకలాలు పంజాబ్‌లోని హోషియార్‌పూర్ దగ్గర మన వాళ్లకు దొరికాయి కూడా.

ఇంకో ప్లస్ పాయింట్ ఇంజిన్. మొదట్లో జే-10కు రష్యా ఇంజిన్ వాడేవారు. ఇప్పుడు చైనా సొంత డబ్ల్యూఎస్-10 వాడుతున్నారు. అంటే ఎవరికి అమ్మాలన్నా ఇంకో దేశం పర్మిషన్ అక్కర్లేదు. స్వీడన్ గ్రిపెన్‌కైనా, మన తేజస్‌కైనా ఈ సౌకర్యం లేదు. రెండింటిలోనూ ఉన్నది అమెరికా ఇంజినే.

కొనేవాళ్లు ఎవరు?

ఇప్పటిదాకా జే-10సీని నడుపుతున్న విదేశీ వాయుసేన ఒక్క పాకిస్థాన్‌దే. 2022 మార్చిలో తొలి జెట్లు అక్కడికి చేరాయి. స్వీడన్‌కు చెందిన సిప్రి సంస్థ లెక్క చూస్తే సీన్ మరింత క్లియర్‌గా అర్థమవుతుంది. 2020-24 మధ్య ప్రపంచ ఆయుధ ఎగుమతుల్లో చైనా వాటా 5.9 శాతం. అమెరికాది 43 శాతం. పైగా చైనా అమ్మిన ఆయుధాల్లో 63 శాతం ఒక్క పాకిస్థాన్‌కే వెళ్లాయి. దుకాణం పెద్దదే, కానీ గిరాకీ అంతా ఒక్క కస్టమర్‌దే.

పాక్, చైనా కలిసి చేసిన జేఎఫ్-17 మయన్మార్, నైజీరియా, అజర్‌బైజాన్‌కు వెళ్లింది. కానీ గట్టి పోటీ ఉన్నచోట ఓడిపోయింది. మలేషియా దాన్ని కాదని 2023లో కొరియా ఎఫ్ఏ-50 తీసుకుంది. అర్జెంటీనా 2024లో డెన్మార్క్ వాడిన పాత ఎఫ్-16లకే ఓటేసింది.

ఇప్పుడు అందరి చూపు ఇండోనేషియాపైనే. జే-10లు త్వరలో జకార్తా మీద ఎగురుతాయని ఆ దేశ రక్షణ మంత్రి 2025 అక్టోబర్‌లో చెప్పారు. 900 కోట్ల డాలర్లకు పైగా బడ్జెట్‌కు ఓకే చెప్పామని ఆర్థిక మంత్రి కూడా అన్నారు. అయితే ఇండోనేషియా ఇప్పటికే 42 రఫేల్స్‌కు, తుర్కియే నుంచి 48 కాన్ జెట్లకు ఒప్పందాలు చేసుకుంది. ఇన్ని రకాల విమానాలకు విడిభాగాలు, ట్రైనింగ్, మిసైళ్లు వేర్వేరుగా కొనాలి. ఆ ఖర్చు మామూలుగా ఉండదు.

బంగ్లాదేశ్‌ది ఇంకో కథ. 2025 జూలైలో చైనా తయారీ ఎఫ్-7 శిక్షణ విమానం ఢాకాలో ఓ స్కూల్‌పై కూలింది. 30 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. పాత జెట్లను మార్చాలన్న ఒత్తిడి పెరిగింది. జే-10 కొంటారని అక్కడి మీడియా రాసింది. కానీ డిసెంబర్‌లో ఢాకా యూరోఫైటర్ కోసం ఇటలీ కంపెనీతో లెటర్ ఆఫ్ ఇంటెంట్‌పై సంతకం చేసింది.

జే-35 సంగతేంటి?

2024 నవంబర్‌లో జుహాయ్ ఎయిర్ షోలో చైనా ఈ స్టెల్త్ జెట్‌ను చూపించింది. తమకు 40 జే-35లు ఆఫర్ చేశారని 2025 జూన్‌లో పాక్ ప్రభుత్వమే ప్రకటించింది. కొన్ని రోజులకే రక్షణ మంత్రి ఖవాజా ఆసిఫ్ రివర్స్ అయ్యారు. అదంతా మీడియాలోనే ఉందని, చైనా అమ్మకాలకు మాత్రం మంచిదేనని తేల్చేశారు.

ఆ ప్రచారం కూడా ఊరికే జరగలేదని అమెరికా కాంగ్రెస్ నియమించిన ఓ కమిషన్ నవంబర్‌లో చెప్పింది. రఫేల్‌ను చులకన చేసేందుకు ఫేక్ అకౌంట్లలో ఏఐ ఫొటోలు తిప్పారని తన రిపోర్టులో రాసింది. ఈ లెక్కన అమ్మకాల యుద్ధం ఫోన్ స్క్రీన్‌పైనా నడుస్తోంది. రఫేల్ కూలినట్టు వచ్చే ప్రతి వీడియోను షేర్ చేసే ముందు ఒక్క క్షణం ఆగాల్సిందే.

మనకేంటి?

ఫైటర్ జెట్ కొనడమంటే ఒక్కసారి డబ్బు కట్టి తెచ్చుకోవడం కాదు. 30 ఏళ్ల పాటు ఆ దేశం మీద ఆధారపడటమే. అందుకే జే-10 ఎవరు కొన్నా, ఆ వాయుసేనలో చైనాకు శాశ్వతంగా ఓ సీటు దొరికినట్టే. అది మన పొరుగు దేశమైతే తలనొప్పి మనకే.

తేజస్‌కు ఇప్పటిదాకా ఒక్క విదేశీ ఆర్డర్ కూడా లేదు. అమెరికా ఇంజిన్ల ఆలస్యంతో మన వాయుసేనకు ఇవ్వాల్సినవే లేటయ్యాయి. మిసైళ్ల విషయంలో మాత్రం పరిస్థితి కాస్త మెరుగు. గాల్లోంచి గాల్లోకి కొట్టే అస్త్ర మిసైల్ హైదరాబాద్‌లోని బీడీఎల్‌లోనే తయారవుతోంది. పీఎల్-15కు జవాబు చెప్పాలంటే దాని రేంజ్, సంఖ్య రెండూ పెరగాలి.

చైనా జెట్లను తక్కువ అంచనా వేస్తే తప్పే. ప్రచారం చూసి భయపడటమూ తప్పే. ఎవరు ఏం అన్నారన్నది కాదు.. ఎవరు సంతకం పెట్టి అడ్వాన్స్ కట్టారన్నదే చూడాలి. ఆ లిస్ట్ ప్రస్తుతానికి చాలా చిన్నది.