ఒక్క అక్షరం తేడా

"చుట్ట, బీడీ వాసనే పడని దాన్ని. నాకెందుకొచ్చిందిరా ఇది?"

ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తెలిసిన రోజు మా పెద్దమ్మ అడిగిన మాట. అప్పటికి నాలుగు నెలలుగా ఆ దగ్గుకు టీబీ మందులు మింగుతోంది.

కీమో మొదలుపెట్టే ముందు బయాప్సీ ముక్కను జన్యు పరీక్షకు పంపుదామన్నారు డాక్టరు గారు. రిపోర్టుకు పది రోజులు. "అన్నాళ్లూ ఊరికే కూర్చోబెడతారా?" అని పెదనాన్న కోపం. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. ఎంపీసీ వాణ్ణి, బయాలజీ టెన్త్‌తోనే సరి.

రిపోర్టులో 'ఈజీఎఫ్‌ఆర్ ఎల్858ఆర్' అని వచ్చింది. కూర్చుని చదివాను. ఆ జన్యువులో 'టి' అనే అక్షరం ఉండాల్సిన చోట 'జి' పడింది. అంతే! నేను కోడ్‌లో ఒక్క అక్షరం తప్పు కొడితే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఇక్కడ తిరకాసు ఏంటంటే, ఆగాల్సింది ఆగడం లేదు. కణాన్ని పెరగమని చెప్పే స్విచ్ ఆన్‌లోనే ఇరుక్కుపోయింది. పొగ తాగనివాళ్లలో, అందులోనూ ఆసియా ఆడవాళ్లలో ఇది ఎక్కువట. "మరి నాకూ వస్తుందా?" అంది అక్క. సాధారణంగా ఇది పుట్టుకతో వచ్చేది కాదు, కణితిలో పుట్టిన మార్పే అని డాక్టరు చెప్పాక కుదుటపడింది.

ఆ స్విచ్‌ను అడ్డుకునే జెఫిటినిబ్ మాత్ర 2002లోనే జపాన్‌లో వచ్చింది. కొందరికే ఎందుకు బాగా పనిచేస్తోందో 2004లో ఈ మార్పును కనిపెట్టాకే అర్థమైంది. 2009లో వెలువడిన ఐపాస్ అధ్యయనం ఇంకా తేల్చి చెప్పింది. మార్పు ఉన్నవాళ్లలో కీమో కంటే మాత్రే జబ్బును ఎక్కువ కాలం ఆపింది. లేనివాళ్లలో కీమోనే మెరుగు. అంటే పరీక్ష లేకుండా మాత్ర ఇవ్వడం గుడ్డిదెబ్బే. ఆ పది రోజులు ఎందుకో అప్పుడు తెలిసింది.

పెద్దమ్మ ఇప్పుడు రోజుకో ఒసిమెర్టినిబ్ మాత్ర వేసుకుంటోంది. ముఖం మీద దద్దుర్లు, అప్పుడప్పుడూ విరేచనాలు. జబ్బు పోలేదు, అణిగి ఉంది. కణాలు మళ్లీ మారి మందును తప్పించుకోవచ్చు, అందుకే స్కాన్ దగ్గర పడితే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. అయినా మొన్న ఫోన్ చేస్తే గోంగూర పచ్చడి నూరుతూ, "తర్వాత చెయ్యరా" అని పెట్టేసింది.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు అని తేలితే డాక్టర్ని ఒక్క మాట అడగండి: "జన్యు పరీక్ష చేయించాలా?" రిపోర్టు దాకా ఆగొచ్చో లేదో ఆయనే చెబుతారు. అడగడం మాత్రం మన వంతు.